మూడు టెస్టులు, మూడు ఫలితాలు: ఇందులో నేనెవరిని?

ప్రశ్న:

నమస్తే మేడమ్. నా వయసు 27. మాది కాకినాడ దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌లో పనిచేస్తున్నాను. మూడు నెలల కిందట ఆఫీసులో వర్క్‌షాప్ పెట్టి అందరిచేతా పర్సనాలిటీ టెస్ట్ రాయించారు. నాకు ఐఎన్‌ఎఫ్‌జె అనే నాలుగక్షరాల టైప్ వచ్చింది. దాని గురించి రాసింది చదువుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా అమ్మ కూడా నన్ను ఇంత బాగా అర్థం చేసుకోలేదనిపించింది. చాలా అరుదైన టైప్ అంటే కొంచెం గర్వంగా కూడా అనిపించింది. కానీ బీటెక్‌లో ఉన్నప్పుడు ఇలాంటిదే రాస్తే ఈఎన్‌ఎఫ్‌పి వచ్చింది. మొన్న అనుమానంతో నెట్‌లో మళ్లీ రాస్తే ఐఎస్‌ఎఫ్‌జె అంది. ఇంట్రోవర్ట్ 52 శాతం అని చూపించింది.

ఆ వర్క్‌షాప్ తర్వాత మా మేనేజర్ గారు క్లయింట్ డెమోలన్నీ నా పక్క సీటు అబ్బాయికి ఇస్తున్నారు. "నువ్వు ఇంట్రోవర్ట్‌వి కదమ్మా, నీకెందుకు టెన్షన్" అంటారు. నిజానికి మా పిన్ని కూతురి పెళ్లిలో క్యాటరింగ్ వాళ్ల దగ్గర్నుంచి మగపెళ్లివారి విడిది దాకా అన్నీ నేనే మాట్లాడి నడిపించాను. ఇంకో సంగతి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అబ్బాయి బెంగళూరులో ఉంటాడు, రెండుసార్లు మాట్లాడుకున్నాం, నచ్చాడు. నిన్న "సరదాకి మీ టైప్ పంపండి, మన కంపాటిబిలిటీ చూద్దాం" అని లింక్ పెట్టాడు. అతని టైప్‌కి ఏది సరిపోతుందో చూసుకుని దానికి తగ్గట్టు జవాబులు రాద్దామా అని కూడా అనిపించింది. రిజల్ట్‌లో ఒక వాక్యం మాత్రం నన్ను వదలట్లేదు: "ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని మీకు కావలసింది మీరు అడగరు." రెండు వారాలుగా నిద్ర కూడా సరిగ్గా పట్టట్లేదు. ఈ మూడింటిలో నేను ఎవరిని? ఆఫీసు చాట్ ప్రొఫైల్‌లో పేరు పక్కన ఆ నాలుగక్షరాలు పెట్టుకోమన్నారు. ఉంచనా, తీసేయనా?

– పేరు వద్దండీ

సమాధానం:

కళ్లల్లో నీళ్లు తిరిగాయన్నారు చూడండి, అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ తన క్లాసులో 39 మంది విద్యార్థులకు ఒక పర్సనాలిటీ టెస్ట్ పెట్టాడు. కొన్నాళ్లాగి ఒక్కొక్కరికీ వాళ్ల పేరుతో ఒక కాగితం ఇచ్చి, ఇది మీ గురించి ఎంతవరకు నిజమో 5కి మార్కులు వెయ్యమన్నాడు. సగటున 4.26 వేశారు. ఆ తర్వాత బయటపెట్టిన సంగతి ఏమిటంటే, అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం! అందులో వాక్యాలు చాలావరకు బజార్లో దొరికే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. నలుగురూ మిమ్మల్ని మెచ్చుకోవాలని మీకు బలంగా ఉంటుంది. పైకి నిబ్బరంగా కనిపించినా లోపల ఆందోళన పడుతుంటారు. ఒక్కోసారి అందరితో కలుపుగోలుగా ఉంటారు, ఒక్కోసారి ముడుచుకుపోతారు. ఇలా సాగుతుంది. ఈ మూడో మాట వర్తించని మనిషిని మీ ఊళ్లో ఒక్కరిని చూపించండి. ఇలాంటి మాటలకి మనం పడిపోవడాన్ని బార్నమ్ ఎఫెక్ట్ అంటారు. సర్కస్ యజమాని పి.టి. బార్నమ్ పేరు మీద 1956లో పాల్ మీల్ అనే సైకాలజిస్టు పెట్టిన పేరది.

అలాగని మీకొచ్చిన కన్నీళ్లు ఉత్తుత్తివని నేననను. ఊరికి దూరంగా, పొద్దుటి స్టాండప్ మీటింగ్ నుంచి రాత్రి రిలీజ్ కాల్ దాకా పరిగెత్తే మనిషితో ఎవరైనా "నువ్వు అందరి గురించీ ఆలోచిస్తావు, నీ గురించి ఎవరూ అడగరు" అంటే గొంతు పూడుకుపోతుంది. ఆ టెస్ట్ ఎంత కచ్చితమైనదో ఆ కన్నీళ్లని బట్టి తేల్చలేం. ఈమధ్య మిమ్మల్ని ఎవరూ తీరిగ్గా కూర్చుని పలకరించలేదన్న సంగతి మాత్రం తెలుస్తోంది. ఇక్కడ మీ అమ్మగారికి చిన్న అన్యాయం కూడా జరిగిందనుకుంటాను. ఆ టెస్టు అడిగిన ప్రశ్నలన్నిటికీ మీరు ఓపిగ్గా, దాచుకోకుండా జవాబు చెప్పారు. అమ్మ రాత్రి ఫోన్ చేసి "ఎలా ఉన్నావే" అంటే "బానే ఉన్నాలేమ్మా, తిన్నావా" అని పెట్టేసి ఉంటారు. ఆ టెస్టుకి చెప్పినదాంట్లో సగం చెప్పినా ఆవిడ అంతకన్నా బాగా అర్థం చేసుకుని ఉండేవారేమో.

ఫోరర్ కాగితానికీ మీ రిజల్ట్‌కీ ఒక తేడా ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. ఆయన జవాబులు చూడకుండానే అందరికీ ఒకటే ఇచ్చాడు. మీది మీ జవాబుల మీదే లెక్కకట్టింది. "జనంలో ఎక్కువసేపు ఉంటే అలసిపోతాను" అని నాలుగైదు ప్రశ్నల్లో మీరు టిక్ పెడితే, "మీరు జనంలో అలసిపోయే మనిషి" అని అది అందంగా తిప్పి చెప్తుంది. మీరు చెప్పనిది దానికి ఏదీ తెలీదు. కాబట్టి ఆ పేజీని మీ రహస్యాలు కనిపెట్టిన నివేదికలా చదవకండి. ఆరోజు ఆ కుర్చీలో కూర్చుని మీ గురించి మీరు ఏమనుకున్నారో దాని నకలు అది. అలా చదివితే పనికొస్తుంది. (అరుదైన టైప్ వచ్చిందని నాకు ఉత్తరాలు రాసేవాళ్లు మాత్రం అస్సలు అరుదు కాదు. ఆ ముక్క పక్కన పెట్టేయండి.)

ఇక మూడుసార్లు రాస్తే మూడు రావడం. మీరు చేసేదే టెస్టింగ్. కోడ్ మారలేదు, టెస్ట్ కేసు మారలేదు, పొద్దున పాస్ అయింది సాయంత్రం ఫెయిల్ అయింది. అప్పుడు ముందు డెవలపర్ మీద పడతారా, టెస్టుని అనుమానిస్తారా? మీవాళ్లు దాన్ని ఫ్లేకీ టెస్ట్ అంటారు కదా. ఇక్కడా ముందు చెయ్యాల్సిన పని అదే. "నేను ఎవరిని" అని కంగారుపడేముందు, ఈ కొలత ఎలా పనిచేస్తుందో చూద్దాం.

ఈ నాలుగక్షరాల పద్ధతిని తయారుచేసింది అమెరికాకి చెందిన తల్లీకూతుళ్లు, కాథరిన్ బ్రిగ్స్, ఇసాబెల్ బ్రిగ్స్ మైయర్స్. ఇద్దరూ సైకాలజీ చదువుకున్నవాళ్లు కారు. ఇసాబెల్ అంతకుముందు డిటెక్టివ్ నవల రాసి పోటీలో బహుమతి గెలుచుకున్న రచయిత్రి. స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో మనస్తత్వ రకాల గురించి రాసిన పుస్తకం వాళ్లకి ఆధారం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఎవరికి ఏ పని నప్పుతుందో తెలిస్తే మనుషులకి మేలు జరుగుతుందని ఇసాబెల్ ఈ ప్రశ్నలు కూర్చడం మొదలుపెట్టింది. ఉద్దేశం మంచిదే. దశాబ్దాల పాటు ఒక్క చేతి మీద దీన్ని నడిపిన ఆమె పట్టుదలంటే నాకు గౌరవం కూడా.

చిక్కంతా కోతలో ఉంది. నాలుగక్షరాల్లో ఒక్కోటీ ఒక జతలోంచి వస్తుంది: ఇంట్రోవర్ట్ అయితే ఐ, ఎక్స్‌ట్రోవర్ట్ అయితే ఈ, అలాగ. ప్రతి జతలోనూ మార్కులు కూడి, మధ్యలో గీత గీసి, ఇటున్నవాళ్లకి ఒక అక్షరం, అటున్నవాళ్లకి ఇంకో అక్షరం ఇస్తారు. మనుషుల్లో ఎక్కువమంది ఉండేది ఆ గీత చుట్టుపక్కలే. మీ 52 శాతాన్నే తీసుకోండి. ఆరోజు లంచ్ సరిగ్గా చేసి ఉంటే, ఒకటి రెండు ప్రశ్నలకి ఇంకోలా టిక్ పెట్టి ఉంటే, అది 48 అయ్యేది, మీరు ఎక్స్‌ట్రోవర్ట్ అయిపోయేవారు. మేనేజర్ గారు డెమో మీకే ఇచ్చేవారు! 52 వచ్చిన మీకూ, 95 వచ్చిన ఇంకొకరికీ ఒకటే అక్షరం. కొన్ని వారాల తేడాతో మళ్లీ రాయిస్తే చాలామందికి ఏదో ఒక అక్షరం మారిపోతుందని పరిశోధకులు ఎప్పటినుంచో ఎత్తిచూపుతున్నారు. పైగా ఆఫీసులో రాయించినదీ, నెట్‌లో ఉచితంగా దొరికేదీ ఒకటే టెస్టు అయి ఉండకపోవచ్చు. అక్షరాలు అవే వాడినా ప్రశ్నలు వేరు, లెక్క వేరు. యూంగ్ అయితే పూర్తి ఇంట్రోవర్ట్, పూర్తి ఎక్స్‌ట్రోవర్ట్ అనేవాళ్లు ఉండరనీ, ఉంటే పిచ్చాసుపత్రిలో ఉంటారనీ అన్నాడు.

విశ్వవిద్యాలయాల్లో వ్యక్తిత్వం మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా వాడేది బిగ్ ఫైవ్ అనే కొలత. కొత్తవాటి మీద ఆసక్తి, పనిలో పద్ధతి, కలుపుగోలుతనం, ఎదుటివాళ్లతో సర్దుకునే గుణం, తొందరగా కలత చెందడం, ఈ అయిదూ ఎవరికి ఎంతెంత మోతాదులో ఉన్నాయో చెప్తుంది. టైపులు, బిరుదులు, రంగు బొమ్మలు ఉండవు. "సర్దుకునే గుణంలో మీరు వందమందిలో 64వ స్థానం దగ్గర" అంటే ఎవరు ప్రొఫైల్లో పెట్టుకుంటారు చెప్పండి? అందుకే దానికి అంత గ్లామర్ రాలేదనుకుంటాను.

సరే, టెస్టు సంగతి చాలు. మీ సంగతికొద్దాం.

పిన్ని కూతురి పెళ్లి గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. మీ ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ సమాచారం ఇచ్చింది ఆ వాక్యమే. క్యాటరింగ్ వాళ్లతో మాట్లాడటమంటే మాటలు కాదు. ఆకులు ఎన్ని లేచాయి, ఎన్నికి డబ్బులిచ్చాం, గుత్తొంకాయ రెండో బంతికే ఎందుకు అయిపోయింది అని గట్టిగా నిలదియ్యాలి. మగపెళ్లివారి విడిదిలో కాఫీ ఆలస్యమైతే ముఖం మాడ్చుకున్న పెద్దాయన్ని నవ్వించి కూర్చోబెట్టాలి. ఆ రెండు రోజుల్లో ఎవరైనా మీ చేతికి ఫోన్ ఇచ్చి టెస్ట్ రాయమంటే ఏ అక్షరం వచ్చేదంటారు? శుక్రవారం సాయంత్రం కాన్ఫరెన్స్ రూమ్‌లో, పక్కన మేనేజర్ గారు తిరుగుతుండగా రాస్తే ఏది వచ్చింది? రెండుచోట్లా రాసింది మీరే.

విలియమ్ ఫ్లీసన్ అనే పరిశోధకుడు 2001లో ప్రచురించిన అధ్యయనాల్లో మనుషులని రెండు మూడు వారాల పాటు రోజుకి చాలాసార్లు పలకరించి, గత గంటలో ఎలా ప్రవర్తించారో రాసిమ్మన్నాడు. ఒకే మనిషి పొద్దున బిడియంగా, మధ్యాహ్నం చలాకీగా, రాత్రి ఇంకోలా, దాదాపు ఆ కొస నుంచి ఈ కొస దాకా తిరుగుతూ కనిపించాడు. అలాగని అంతా గాలివాటం కూడా కాదు. వారాల లెక్కన సగటు తీస్తే ఒక్కొక్కరి సగటూ స్థిరంగానే ఉంది. టెస్టుకి చేతనైతే ఆ సగటు దొరుకుతుంది. మీకు కావాల్సింది మాత్రం దానికి అందదు. మీరు ఎక్కడ వికసిస్తారు, ఎక్కడ మూసుకుపోతారు అన్నది సగటులో కలిసిపోతుంది.

కాబట్టి "నేను ఎవరిని" అన్న ప్రశ్నని కాసేపు పక్కన పెట్టి, "నేను ఎప్పుడు ఎలా ఉంటాను" అని రాసుకోండి. ఓ రెండు వారాలు పడుకునేముందు నాలుగు ముక్కలు చాలు: ఈరోజు ఎవరి దగ్గర మాట దొర్లింది, ఎవరి దగ్గర ఆగింది, అప్పుడు అక్కడ ఇంకా ఏముంది. ఉత్తరం చదివి నాకు తోచింది చెప్తాను, తప్పయితే కొట్టేయండి. బాధ్యత మీ చేతిలో పెట్టినప్పుడు, మీకు బాగా తెలిసిన విషయమైనప్పుడు మీకు మాటలు వెతుక్కోవాల్సిన పని ఉండదు. మీ మీద ఎవరో మార్కులు వేస్తున్నారనిపించిన చోట గొంతు తగ్గుతుంది. ఇదే నిజమైతే దీని పేరు ఇంట్రోవర్ట్ కాదు, పరీక్షాభయం. ఇంటర్‌లో రెండేళ్లు ర్యాంకుల మధ్య చదివిన మన పిల్లల్లో సగంమందికి ఉండేదే. దానికి మందు అలవాటు. నిజంగా ఏకాంతం ఇష్టమై జనం పడకపోతే దానికి మందూ అక్కర్లేదు, మార్పూ అక్కర్లేదు. ఈ రెంటికీ టెస్టు ఒకటే "ఐ" ఇస్తుంది. అక్కడ నాకు దాని మీద కోపం.

బీటెక్ నాటి ఫలితం వేరుగా రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. "నేను పనులు పద్ధతిగా చేస్తాను" అన్న ప్రశ్నకి జవాబు చెప్పేటప్పుడు మనం తెలియకుండానే పక్కవాళ్లతో పోల్చుకుంటాం. హాస్టల్లో రికార్డులు ముందురాత్రి రాసే గుంపులో ఒక జవాబు వస్తుంది. ప్రతి బగ్‌కీ నంబరు వేసే టీమ్‌లో కూర్చుంటే అదే మనిషి నుంచి ఇంకో జవాబు వస్తుంది.

ఇప్పుడు మిమ్మల్ని వదలని ఆ వాక్యం. "మీకు కావలసింది మీరు అడగరు." ఫోరర్ కథ చెప్పాను కాబట్టి దీన్ని కూడా అందరికీ వర్తించే మాటే అని కొట్టిపారేయొచ్చు. కానీ గుచ్చుకుందా లేదా అని కాకుండా, సాక్ష్యం ఉందా అని చూడండి. మీ ఉత్తరంలోనే రెండు దొరికాయి నాకు. డెమో చెయ్యాలని మీకుంది, ఆ సంగతి మేనేజర్ గారికి చెప్పినట్టు ఎక్కడా రాయలేదు, నాకు రాశారు. అబ్బాయి నచ్చాడు, అతనికి నచ్చేలా జవాబులు మార్చాలనుకున్నారు. ఆ నాలుగక్షరాలు ఏవైనా కానివ్వండి, ఈ రెండూ మీరు చేసినవి, చెయ్యబోయినవి. అందుకని వర్క్‌షాప్ వల్ల మీకు ఏదైనా లాభం జరిగిందంటే అది ఆ ఒక్క వాక్యమే. మిగతా పేజీ పోయినా నష్టం లేదు.

దాన్ని ఇంకాస్త గట్టిగా పరీక్షించే దారి ఒకటి చెప్తాను. మిలటరీలో ఆఫీసర్ ఉద్యోగానికి ఎస్సెస్బీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చినవాళ్లు మీ క్లాస్‌మేట్లలో ఎవరైనా ఉంటే అడగండి. సైకాలజీ పరీక్షల్లో చివర సెల్ఫ్ డిస్క్రిప్షన్ అని ఒకటుంటుంది. టిక్కులు ఉండవు. మీ గురించి అమ్మానాన్నలు ఏమనుకుంటారు, టీచర్లో పైఅధికారులో ఏమనుకుంటారు, స్నేహితులు ఏమనుకుంటారు, మీరేమనుకుంటారు, ఎలాంటి మనిషి కావాలనుకుంటున్నారు. ఈ అయిదూ పావుగంటలో రాసెయ్యాలి. ఫోన్ పక్కన పెట్టి మీరూ రాయండి. రాశాక, వాళ్లు ఏమనుకుంటున్నారని మీరు ఊహించారో నిజంగా వాళ్లనే అడగండి. "నేనెలాంటిదాన్ని" అని అడిగితే "నువ్వు బంగారం" అంటారు, దాంతో ఉపయోగం లేదు. "నాతో నీకు చిరాకొచ్చిన సందర్భం ఒకటి చెప్పు" అని రూమ్మేట్‌ని అడగండి. పెళ్లికూతురైన ఆ చెల్లెలినో అక్కనో "ఆ రెండు రోజులూ నేను ఎలా ఉన్నాను" అని అడగండి.

ఎవరి మాట నమ్మాలంటారా? సిమిన్ వజీర్ అనే సైకాలజిస్టు 2010లో దీని మీదే ఒక అధ్యయనం చేసింది. లోపలి ఆందోళన, తన మీద తనకున్న నమ్మకం లాంటివి ఎవరికి వాళ్లకే బాగా తెలుస్తాయి. తెలివితేటలు, సృజన లాంటివాటిలో మాత్రం దగ్గరి స్నేహితుల అంచనాయే ఎక్కువ నిజమవుతుంది, ఎందుకంటే వాటి దగ్గర మన అభిమానం మనకి అడ్డొస్తుంది. అంటే మీకు భయమేస్తోందా లేదా అన్నది మీరే చెప్పాలి. మీరు డెమోలో ఎలా మాట్లాడతారన్నది మాత్రం చూసినవాళ్లని అడగాలి. చూసే అవకాశమే ఎవరికీ దొరకట్లేదు కదా ఇప్పుడు.

మేనేజర్ గారు "కదమ్మా" అంటున్నారంటే చెడు ఉద్దేశం కనిపించట్లేదు. మిమ్మల్ని కష్టపెట్టకూడదనే అనుకుంటున్నారు. కానీ ఫలితం మీకు మంచిది కాదు. క్లయింట్ ముందు ఎవరి ముఖం కనిపిస్తుందో, అప్రైజల్ రోజున ఆ పేరే గుర్తొస్తుంది. ఇది మనసుకి సంబంధించిన సంగతి కన్నా ముందు మీ జీతానికి సంబంధించిన సంగతి. ఈ టెస్టుని అమ్మే కంపెనీ కూడా ఉద్యోగాల ఎంపికకి దీన్ని వాడొద్దని చెప్తుంది. కానీ ఈ పాయింటు పట్టుకుని ఆయనతో వాదనకి దిగకండి. టెస్టు ప్రస్తావనే తేకండి. "సర్, వచ్చే రిలీజ్ డెమోలో డిఫెక్ట్స్ భాగం నేను చెప్తాను, అది నా దగ్గరే ఉంది కాబట్టి క్లయింట్ ప్రశ్నలకి అక్కడికక్కడ జవాబివ్వగలను" అనండి. పని గురించి అడిగినట్టు ఉంటుంది, అది పని గురించే కూడా. "నీకు టెన్షన్ కదమ్మా" అంటే "మొదట్లో ఉంటుంది సర్, చేస్తే పోతుంది" అని నవ్వండి. మొదటి డెమో తడబడితే తడబడింది. పక్క సీటు అబ్బాయి మొదటిది ఎలా చేశాడో ఓసారి గుర్తు చేసుకోండి.

ఇక బెంగళూరు అబ్బాయి. అతన్ని తప్పుపట్టడానికి నాకేమీ కనిపించలేదు. మాట కలపడానికి ఈ తరంవాళ్లకి దొరికిన దారి ఇది. మన ఇళ్లలో ఇది కొత్త కూడా కాదు. జాతకాల్లో 36 గుణాలు కలిపిస్తాం కదా, అందులో 6 గణానికి పోతాయి. దేవ, మనుష్య, రాక్షస. నక్షత్రాన్ని బట్టి రాక్షస గణం అని తేలితే చాలు, ఎంత మెత్తని పిల్లకైనా సంబంధాలు వెనక్కి పోయేవి. ఆ బాధ పడలేక పుట్టిన టైమ్ కాస్త జరిపి జాతకం రాయించిన తల్లిదండ్రులు ఎంతమందో. మీరు జవాబులు మార్చి రాద్దామనుకున్నది సరిగ్గా అదే పని. వాళ్లకైనా ఒక సాకుంది, పిల్ల స్వభావం ఎలా ఉన్నా గణం మాత్రం నక్షత్రాన్ని బట్టే పడుతుంది. మీరు మార్చబోయింది మీ ఇష్టాయిష్టాలనే. అతనికి నచ్చే టైప్‌లా రాసి పెళ్లి చేసుకుంటే, ఆదివారం పొద్దున ఇంటినిండా అతని స్నేహితులు దిగినప్పుడు ఆ టైప్ వచ్చి టిఫిన్లు పెట్టదు, మీరే పెట్టాలి.

అందుకని నిజం జవాబులతో రాసి పంపండి, లేదా పంపకండి, అది పెద్ద విషయం కాదు. దాంతోపాటు ఒక మెసేజ్ మాత్రం పెట్టండి: "ఇది సరదాకి. ఆదివారం వీలుంటే ఓ అరగంట మాట్లాడుకుందామా, నాకు కొన్ని అడగాలనుంది, మీరూ అడగండి." అడగాల్సినవి మీకు తెలియనివేం కావు. పెళ్లయ్యాక హైదరాబాదా బెంగళూరా, ఎవరు ఉద్యోగం మారాలి. మీ జీతంలో కొంత మీ ఇంటికి పంపుతుంటే ఆ మాట. వాళ్ల అమ్మానాన్నలు మీతో ఉంటారా. పిల్లలు ఎప్పుడు. కోపం వస్తే అతను అరుస్తాడా, మౌనంగా ఉంటాడా, ఎన్ని రోజులు ఉంటాడు. ఇవి అడగడానికి మీకు బిడియంగా ఉంటుందని తెలుసు, ఆ వాక్యం మిమ్మల్ని వదలనిది ఇందుకే కదా. ఒక్కటైనా అడగండి. అక్షరాలు కలవలేదని అతను సంబంధం వద్దంటే మాత్రం మీ తప్పేమో అని రాత్రంతా ఆలోచించకండి. మన పెద్దవాళ్లు గణం కలవలేదని వద్దన్నప్పుడూ ఆ పిల్లల తప్పేం లేదు.

నిద్ర గురించి చివరి వరసల్లో రాశారు, నేను చివర్లో వదిలేయను. ఇలాంటి టెస్టులు ఏ జబ్బునీ కనిపెట్టలేవు, ఏ జబ్బూ లేదని కూడా చెప్పలేవు. ఇంకో వారం పదిరోజులు ఇలాగే ఉంటే డాక్టర్‌ని కలవండి. ఎవరితోనైనా ముందు మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. "నేను ఇంట్రోవర్ట్‌ని కాబట్టి ఇలాగే ఉంటాను" అని మాత్రం సరిపెట్టుకోవద్దు.

బీటెక్‌లో ఉన్న ఆ ఈఎన్‌ఎఫ్‌పి అమ్మాయి ఏమైందని మీకు లోపల ఉండే ఉంటుంది. కొంత కొలతలో తేడా, అది చెప్పాను. కొంత మీరు నిజంగా మారి ఉండొచ్చు కూడా. బ్రెంట్ రాబర్ట్స్ అనే సైకాలజిస్టు బృందం 2006లో, ఏళ్ల తరబడి మనుషులని వెంబడించిన 92 అధ్యయనాలని కలిపి చూసింది. 20 నుంచి 40 ఏళ్ల మధ్యలోనే మనుషులు ఎక్కువ మారతారని తేలింది. పనిలో పద్ధతి పెరుగుతుంది, మనసు కాస్త నిలకడపడుతుంది. మారాలనుకుంటే మారగలమా అన్నదాని మీద నేథన్ హడ్సన్ అనే ఇంకో సైకాలజిస్టు 2019లో చేసిన పని నాకు ఇష్టం. ఒక సెమిస్టర్ పాటు, 15 వారాలు, విద్యార్థులకి వారంవారం చిన్న చిన్న పనులిచ్చారు. కొత్తవాళ్లని పలకరించడం, దుకాణంలో క్యాషియర్‌తో రెండు మాటలు మాట్లాడటం, అలాంటివి. నిజంగా చేసినవాళ్లలో మార్పు కనిపించింది. ఒప్పుకుని చెయ్యనివాళ్లలో రాలేదు. కాబట్టి డెమోలో డిఫెక్ట్స్ భాగం అడగడాన్ని ఈ వారం పనిగా పెట్టుకోండి, అబ్బాయిని ఒక ప్రశ్న అడగడం వచ్చేవారం పని. ఇంకేమీ మార్చుకోనక్కర్లేదు.

ప్రొఫైల్లో ఆ అక్షరాలు తీసేయండి. మీ గురించి తెలియనివాళ్లు మీతో ఒక్క మాట కూడా మాట్లాడకముందే అది చదివి ఓ నిర్ణయానికొచ్చేస్తున్నారు, దాని ఖర్చు ఇప్పటికే డెమోల రూపంలో కట్టారు. ఎందుకు తీశావని హెచ్‌ఆర్ వాళ్లు అడిగితే, "మూడుసార్లు రాస్తే మూడు వచ్చాయండీ, బగ్ రిపోర్ట్ ఎవరి మీద వెయ్యాలో చెప్పండి" అనండి.